ఖాళీ బండి ఎక్కడుందో ఎవరికి తెలుసు?

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మాది రాయగడ. మూడేళ్ల కిందట పది చక్రాల లారీ ఫైనాన్సులో తీసుకున్నాను. డ్రైవింగు నాదే, క్లీనరు ఒకడున్నాడు. కిస్తీ నెలకు 48,000, క్లీనరుకు 12,000. ఫ్యాక్టరీ లోడ్లు సీరియల్లో, అంటే వరస ప్రకారం వస్తాయి, ఒక్కోసారి వారం ఆగాలి. మిగతా రోజుల్లో బ్రోకరు ఫోను చేస్తేనే పని. విశాఖలో దించాక రిటన్ లోడు కోసం రెండు మూడు రోజులు స్టాండులోనే వండుకు తింటూ పడుంటాం. విసుగొచ్చి ఖాళీగా వచ్చేసిన రోజులూ ఉన్నాయి. యాప్‌లో చూస్తే డీజిలు ఖర్చు వస్తే చాలని వెళ్లేవాళ్లున్నారు. నాకంటూ లోడిచ్చే పార్టీలు నాలుగు ఉండాలంటే ఏం చెయ్యాలి? వెళ్లి అడగాలంటే మొహమాటం. ఒడియా మాట్లాడతాను, చదవడం రాదు. మా మామగారు బండి అమ్మేసి కంపెనీ బండికి డ్రైవరుగా పొమ్మంటున్నారు.
– ఒక లారీ ఓనరు, రాయగడ

జవాబు:

తమ్ముడూ,

నేను స్టీరింగు పట్టినవాణ్ని కాదు, అది ముందే చెప్పేస్తున్నాను. పార్వతీపురం దగ్గర ఒక రైసు మిల్లులో 22 ఏళ్లు డిస్పాచ్ గుమస్తాగా చేశాను. బియ్యం బరంపురం వెళ్లాలన్నా, జయపురం వెళ్లాలన్నా, రాయ్‌పుర్ వెళ్లాలన్నా లారీని పిలిచే ఫోను నా బల్ల మీదే ఉండేది. అందుకని నీకు అవతలి కుర్చీలోంచి జవాబు చెబుతాను. లోడిచ్చేవాడు ముందు ఎవరిని పిలుస్తాడు, ఎందుకు పిలుస్తాడు అన్నది ఆ కుర్చీలో కూర్చుంటేనే తెలుస్తుంది.

ఒక బండి సంగతి చెబుతాను విను. మా మిల్లుకి వాడుకగా పది పన్నెండు బళ్లు వచ్చేవి. వాటిలో ఒకటి సాలూరుది. సాలూరు సంగతి నీకు తెలియంది కాదు, లారీల మీద బతికే ఊరు. ఆ ఓనరు మొదటిసారి వచ్చినరోజు బండిని వెనక్కి తీసి గోదాము గుమ్మానికి ఆనించాడు. హమాలీలు బస్తా ఎత్తబోతుంటే "ఆగండర్రా, ఒక్క నిమిషం" అని వెనక తలుపు దించి, సుత్తి పట్టుకుని బాడీ ఎక్కాడు. చెప్పులు కింద వదిలేశాడు. వట్టికాళ్లతో చెక్కల మీద తడుముకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. ఎక్కడ మేకు తల అరికాలికి తగిలితే అక్కడ గొంతుకూర్చుని దాన్ని లోపలికి కొట్టాడు. తర్వాత పాత పట్టా (టార్పాలిన్) ఒకటి పరిచాడు. ఒక మూల చెక్కల మధ్య వెలుతురు కనిపిస్తుంటే గోనె ముక్క మడిచి అక్కడ కుక్కాడు. మొత్తం పావుగంట. మా మేస్త్రి "ఏటి బాబూ, పెళ్లి పందిరేస్తన్నావేటి?" అని విసుక్కున్నాడు. నేను మాత్రం రిజిస్టరులో ఆ బండి నంబరు పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకున్నాను.

మేకు తగిలి బస్తా చిరిగితే కారేది రెండు కిలోలు. బరంపురం షావుకారు ఆ ఒక్క బస్తా చూపించి ఇరవై బస్తాలకి కోత పెడతాడు. ఆ కోత గురించి మా ఓనరు నన్ను నిలబెట్టి అడుగుతాడు. అదీ నా భయం. ఆ సాలూరాయన మాకు తొమ్మిదేళ్లు తిరిగాడు. టన్నుకి మిగతావాళ్ల కంటే ఇరవయ్యో ముప్ఫయ్యో ఎక్కువే అడిగేవాడు. కాసేపు బేరమాడి ఇచ్చేసేవాళ్లం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో కిరాయి ఉంది, కిస్తీ ఉంది, బ్రోకరు ఉన్నాడు, యాప్ ఉంది. లోడిచ్చేవాడికి రాత్రి నిద్ర ఎందుకు పట్టదో ఆ సంగతే లేదు. అక్కణ్నుంచి మొదలుపెట్టాలి నువ్వు.

దానికి ముందు ఒక చిన్న లెక్క. కిస్తీ 48,000, క్లీనరు 12,000. ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్), నేషనల్ పర్మిట్టుకి ఏడాదికి కట్టే 16,500, ఇవన్నీ నెలల మీదికి సర్దితే ఓ 7,000 వేసుకో. మొత్తం 67,000. ముప్ఫైతో భాగిస్తే రోజుకి 2,200 పైమాటే. అంటే బండి చక్రం కదలకపోయినా, నువ్వు స్టాండులో చేపల కూర వండుకుంటున్నా, రోజుకి 2,200 పోతున్నట్టే. విశాఖలో మూడు రోజులు పడుంటే 6,600 పైన. అదే విశాఖ నుంచి రాయగడకి ఖాళీగా రావాలంటే సుమారు 200 కిలోమీటర్లు, ఖాళీ బండి లీటరుకి ఐదు కిలోమీటర్లు ఇచ్చినా 40 లీటర్లు, 3,700 దాకా అవుతుంది. కాబట్టి రాయగడలో మర్నాడు లోడు ఖాయంగా ఉంటే విశాఖలో రోజున్నరకి మించి ఆగడం నష్టం. లేకపోతే ఆగడమే నయం. విసుగొచ్చినప్పుడు కాదు బయల్దేరాల్సింది, లెక్క చెప్పినప్పుడు. ఆ 2,200 అంకె గుర్తుపెట్టుకో, కిందికి వచ్చాక మళ్లీ పనికొస్తుంది.

ఇంకోటి కూడా చూడు. నీకు వెళ్లేటప్పుడు లోడు ఎలాగో దొరుకుతోంది. వచ్చేటప్పుడే లేదు. అంటే నువ్వు వెతకాల్సిన పార్టీలు విశాఖలోని బ్రోకరు దగ్గర లేరు, రాయగడ బజారులోనే ఉన్నారు. విశాఖ నుంచి, బొబ్బిలి నుంచి, విజయనగరం నుంచి సరుకు తెప్పించుకునేది ఎవరు? మీ వీధి చివర ఇనుము కొట్టాయన, సిమెంటు డీలరు, ఎరువుల దుకాణం, టైల్సు షోరూము, కోళ్ల దాణా అమ్మేవాడు. చాలా సరుకుల్లో లారీ ఎవరిదో తేల్చేది డబ్బు కట్టి తెప్పించుకునేవాడే. వాళ్లని వదిలేసి నువ్వు రెండు వందల కిలోమీటర్ల అవతల బ్రోకరు ముందు నిలబడుతున్నావు.

వాళ్లు ఎక్కడి నుంచి తెప్పిస్తారో అడక్కుండానే తెలుసుకోవచ్చు. బస్తా మీద అచ్చు చదువు. బియ్యం బస్తా మీద మిల్లు పేరూ ఊరూ ఉంటాయి. దాణా సంచి మీదా, ఎరువు సంచి మీదా, టైల్సు పెట్టె మీదా ఎక్కడ తయారైందో వేస్తారు. ఒక ఆదివారం బండి కడిగాక నోటుబుక్కు పట్టుకుని రాయగడ బజారంతా ఓ చుట్టు తిరుగు. ఏ దుకాణం ముందు ఏ ఊరి బస్తాలున్నాయో, ఏ నంబరు లారీ దించుతోందో రాసుకో. నాలుగు ఆదివారాల్లో నీ లైను మీద సరుకు తెప్పించుకునే ముప్ఫై పేర్లు తేలతాయి. వాటిలో ఆరు పనికొస్తే నీకు చాలు.

ఇక మొహమాటం. "లోడుందా సార్?" అని అడగడానికే కదా మొహమాటం? అలా అడగొద్దు. నా బల్ల ముందుకి రోజుకి నలుగురు వచ్చి ఆ మాటే అడిగేవారు, నేను తల ఎత్తకుండానే లేదనేవాణ్ని. ఒకాయన మాత్రం వేరేలా అడిగాడు: "మీకు బుధవారం, శనివారం కదండీ జయపురం పోయేది? నేను మంగళవారం, శుక్రవారం సాయంత్రానికి ఇక్కడ ఖాళీ అవుతాను. మీ బండి ఎప్పుడైనా రాకపోతే నాకో ఫోను కొట్టండి." అంతే, నంబరిచ్చి వెళ్లిపోయాడు. లోడు అడగలేదు, తను ఎప్పుడు ఎక్కడ ఉంటాడో చెప్పాడు. పదిహేను రోజుల తర్వాత మా వాడుక బండికి గేరుబాక్సు పోయింది. ఎవరికి ఫోను చేసుంటానో నువ్వే ఊహించుకో.

అడగడానికి అన్నిటికంటే మంచి చోటు నువ్వు సరుకు దించే చోటు. నీ బండి మీద ఉన్న సరుకు అతనిది, రెండు గంటలు నీ బండి అతని గుమ్మంలోనే ఉంటుంది. పొడిగా, లెక్క సరిగ్గా దించాక, రసీదు మీద సంతకం పెట్టే మనిషిని ఒక్క మాట అడుగు: "మీ సరుకు తిరిగి మా వైపు ఏమైనా వస్తుందా?" విశాఖలో నువ్వు దించే గోదాముల్లో ఈ ఏడాది ఎంతమందిని ఇలా అడిగావు? దించిన వెంటనే క్యాబిన్‌లో పడుకుని ఉంటావు. అలసట ఉంటుంది, కాదనను. ఆ ఒక్క మాట అడిగి పడుకో.

రాయగడ చుట్టూ ఏ నెలలో ఏది కదులుతుందో నీకు తెలిసే ఉంటుంది గానీ, దాన్ని కాగితం మీద పెట్టావా? ఎరువులు జూన్ నుంచి ఆగస్టు దాకా కోస్తా నుంచి పైకి వస్తాయి. అప్పుడు డీలరు చేతులు పట్టుకుని బండి అడుగుతాడు, రిటన్ కోసం నువ్వు ఎదురుచూడక్కర్లేదు. చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. జీడిపిక్క దాని వెనకాలే. గుణుపురం, బిసంకటక్ వైపు పత్తి నవంబరు నుంచి జిన్నింగు మిల్లులకి చేరుతుంది. అక్కణ్నుంచి బేళ్లు, అంటే నొక్కి కట్టిన దూది కట్టలు, ఆంధ్రాలోని స్పిన్నింగు మిల్లులకి దిగుతాయి. బేళ్లు తూకానికి తేలిక, ఎత్తుకి ఎక్కువ. తాళ్లు, పట్టా బాగుంటేనే ఆ లోడు మీద ఆశపెట్టుకో. ధాన్యం కొనుగోళ్ల కాలంలో ప్రభుత్వ బియ్యం కాంట్రాక్టర్ల చేతిలో ఉంటుంది. అక్కడ నీకు పార్టీ దొరకదు, కాంట్రాక్టరు కింద బండి పెట్టుకోవాలంతే. అది చెడ్డదేం కాదు, రెండు నెలలు గడుస్తుంది.

జేకేపూర్ పేపరు మిల్లుకి జామాయిల్, సరుగుడు, సుబాబుల్ దుంగలు మన వైపు తోటల నుంచి ఎక్కుతూనే ఉంటాయి. విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల రైతులకి అది పంట. వాళ్ల దగ్గర కొని మిల్లుకి తోలే ఏజెంట్లలో ఇద్దరితో పరిచయం పెట్టుకుంటే విశాఖలో దించిన బండి బొబ్బిలి దాటగానే ఎక్కడో ఒకచోట నిండుతుంది. దుంగలు బాడీని తినేస్తాయి, ఆ ఖర్చు కిరాయిలో కలుపుకో. దుంగలు దించాక బాడీ ఊడ్చకుండా బియ్యం ఎక్కించడానికి వచ్చావనుకో, నాలాంటి గుమస్తా నిన్ను గేటులోంచే పంపించేస్తాడు. ఫ్యాక్టరీ సీరియల్‌తో గొడవ పెట్టుకోవద్దు, నీ పేరు అందులో ఉండనీ. నెలకి రెండు లోడ్లు వస్తే అది నీ చద్దన్నం, మిగతాది నువ్వు సంపాదించుకునే కూర.

సరే, పార్టీ దొరికాడు, మొదటి లోడు తోలావు. రెండో లోడు రావాలంటే? ఇక్కడే నా అనుభవం ఎక్కువ.

సాయంత్రం నాలుగింటికి షావుకారు నుంచి ఫోను వస్తుంది, రేపు పొద్దున్న లోడింగు అని. ఓనరు అరుస్తాడు, "బండి బేగి చూడండి!" నా దగ్గర ఇరవై నంబర్లున్నాయి. ఇరవై మందికి చేసి "ఎక్కడున్నావు?" అని అడిగే ఓపిక నాకు లేదు. ఎవడు ఎక్కడున్నాడో నాకు ముందే తెలిస్తే వాడికే చేస్తాను. కాబట్టి నీకు తెలిసిన ఆరుగురికీ వారంలో మూడు సాయంత్రాలు ఒకే ఒక్క మెసేజి పెట్టు: "రేపు మధ్యాహ్నం 12కి విజయనగరంలో ఖాళీ, పది చక్రాలు, పట్టా ఉంది." గుడ్ మార్నింగులు, దేవుడి బొమ్మలు పంపొద్దు. అవి పంపేవాడి మెసేజిలు ఎవరూ తెరవరు, నీ ఖాళీ సంగతి వాటి కిందే పడి మునిగిపోతుంది.

రాలేనప్పుడు రాలేనని సాయంత్రం ఐదింటికే చెప్పు. నాకు కోపం రాదు, ఇంకొకడిని పిలుస్తాను. పొద్దున్న తొమ్మిదింటికి హమాలీలు కూర్చునుంటే "దారిలో ఉన్నాను గురువుగారూ, కొమరాడ దాటేశాను" అని ఇంకా వెనక కూనేరులోనే టిఫిను తింటూ చెప్పినవాళ్లని నేను జన్మలో పిలవలేదు. ఇంకో బండి డ్రైవరు మాట మీద ఆ సంగతి మధ్యాహ్నానికల్లా తెలిసిపోతుంది. ఈ లైను చిన్నది.

రసీదు. లారీ ఓనర్లు దాన్ని సీటు కింద పడేసి వారం తర్వాత నూనె మరకలతో తెస్తారు. ఆ కాగితం వస్తేనే మేము షావుకారుని డబ్బు అడగగలం. దించిన అరగంటలో ఫొటో పంపు, అసలుది మూడు రోజుల్లో చేతికివ్వు. నిన్ను తలుచుకోవడానికి గుమస్తాకి ఇంతకంటే కారణం అక్కర్లేదు. ఇక్కడే నీ ఒడియా సంగతి. రసీదు మీద దించుకున్నవాడు ఒక మూల ఒడియాలో ఏదో గిలుకుతాడు. "ఓదా" అంటే తడిసింది, "చిరా" అంటే చిరిగింది, "కమ్" అంటే తక్కువ. అది చదవకుండా కాగితం జేబులో పెట్టుకుని వచ్చేశావా, నీ బ్యాలెన్సులో కోత పడ్డాక గానీ అర్థం కాదు. అక్షరాలు నేర్చుకోవడానికి నెల పడుతుంది, మీ పిల్లల పుస్తకం చాలు. అక్కడికక్కడ "ఏది ఓదా, చూపించండి ఆజ్ఞా" అని అడిగితే సగం కోతలు అక్కడే ఆగిపోతాయి. రెండు భాషలు వచ్చిన బండి ఓనరు ఈ సరిహద్దులో రెండు వైపులా కావాలి. నువ్వు దాన్ని లోపంలా రాశావు.

కాగితాల విషయంలో నాలుగు మాటలు. నీది ఓడీ నంబరు, అంటే ఒడిశా బండి. నేషనల్ పర్మిట్టు మీద ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తోలొచ్చు, కానీ ఆంధ్రాలోని ఒక ఊళ్లో ఎక్కించి ఆంధ్రాలోనే ఇంకో ఊళ్లో దించకూడదు. విశాఖలో ఖాళీగా ఉన్నావు కదా అని బ్రోకరు "విజయవాడకి ఒక ట్రిప్పు వేసెయ్" అంటే కక్కుర్తి పడొద్దు. బ్రేకు ఇన్‌స్పెక్టరు పట్టుకుంటే బ్రోకరు ఫోను ఎత్తడు. విశాఖ నుంచి సాలూరు, సుంకి ఘాటు, కొరాపుట్ మీదుగా రాయ్‌పుర్ అయితే ఇబ్బంది లేదు.

ఓవరులోడు అడిగే పార్టీలు ఉంటారు. నీలాంటి పది చక్రాల, అంటే మూడు యాక్సిళ్ల బండికి 2018లో మొత్తం బరువు 25 నుంచి 28.5 టన్నులకి పెంచారు. నీ ఆర్‌సీలో ఎంతుంటే అంతే నీది, అందులోంచి బండి బరువు తీసేసుకో. 2019లో సవరించిన చట్టం ప్రకారం పరిమితి దాటితే 20,000, పైన ప్రతి టన్నుకీ 2,000, ఎక్కువున్న సరుకు అక్కడే దించెయ్యాలి. "అందరూ వేసుకుంటున్నారు" అనే పార్టీ నీ బండి పట్టుబడ్డ రోజున "నిన్ను వేసుకోమన్నదెవరు" అంటాడు. అలాంటివాణ్ని మొదటి లోడుకే వదిలెయ్.

సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే రవాణా పత్రం) ఉండాలి. అది రోజుకి 200 కిలోమీటర్ల లెక్కన గడువిస్తుంది. దారిలో బండి చెడిపోయి గడువు దాటేలా ఉంటే పార్టీకి వెంటనే చెప్పు. గడువుకి 8 గంటల ముందు నుంచి, దాటాక 8 గంటల దాకా పొడిగించుకోవచ్చు. ఇద్దరు ముగ్గురు వర్తకుల సరుకు కలిపి తెస్తే ఎవరి బిల్లు వాళ్లదే, అన్నిట్లో నీ బండి నంబరు ఎక్కిందా లేదా చూసుకున్నాకే కదులు. రాయగడ బజారుకి ఈ కలగలుపు లోడే నీకు ఆధారం. ఒక్క ఇనుము కొట్టాయనకి వారం వారం 18 టన్నులు అక్కర్లేదు, ముగ్గురికి కలిపితే కావాలి. ఆ ముగ్గుర్నీ కలిపే పని ఎవరు చేస్తారా అని వాళ్లు కూడా చూస్తున్నారు. అయితే దీనికోసం సొంత బిల్టీ (సరుకు అప్పగింత పత్రం) పుస్తకం అచ్చేయించొద్దు. బిల్టీ రాసిన రోజు నుంచి నువ్వు జీఎస్టీ లెక్కలో ట్రాన్స్‌పోర్టు ఏజెన్సీవి, రోడ్డు రవాణా చట్టం కింద రిజిస్ట్రేషను కూడా అడుగుతారు. ఒక్క బండి ఓనరుగా ఉత్తి కిరాయికి తిరిగినంత కాలం ఆ బాధ లేదు. రెండో బండి కొన్నాక ఆడిటర్ని అడుగుదువుగాని.

పది బళ్లకి మించి లేనివాడు పాన్ నంబరుతో డిక్లరేషను రాసిస్తే పార్టీ కిరాయిలో టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయక్కర్లేదు. మొదటి రోజే ఆ కాగితం, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పర్మిట్టు, బ్యాంకు వివరాలు ఒక ఫైలుగా గుమస్తా చేతిలో పెట్టు. అడిగితే ఒక్కొక్కటీ వారానికొకటి పంపేవాళ్లతో నా ప్రాణం విసిగిపోయేది.

కిరాయి మాట్లాడేటప్పుడు నీ 2,200 బయటికి తియ్యి. ఎంత టన్ను, టన్నుకి ఎంత, లోడింగు దగ్గర అడ్వాన్సు ఎంత, మిగతాది రసీదు అందాక ఎన్ని రోజులకి, హమాలీ ఎవరిది, ఎక్కించడానికి ఒక రోజు దించడానికి ఒక రోజు దాటితే హాల్టింగు రోజుకి 2,200, డీజిలు లీటరుకి 3 రూపాయలు మారితే మళ్లీ మాట్లాడుకోవాలి. ఇదంతా వాట్సాప్‌లో నాలుగు లైన్లు రాసి పంపి, "సరే" అని వచ్చాకే బండి పెట్టు. హాల్టింగు పూర్తిగా ఇచ్చే పార్టీని నేను తక్కువే చూశాను. ముందు రాసుంటే సగమైనా ఇస్తారు, పైగా నీ బండిని తొందరగా దించుతారు, నీకు కావాల్సింది అదే కదా. యాప్‌లో కనిపించే రేటు చూపించి పార్టీ తగ్గించమంటే, ఆ రేటుకి వాణ్నే పిలవమని మర్యాదగా చెప్పి రా. వచ్చే నెల మళ్లీ వెళ్లి పలకరించు. నేనే రెండుసార్లు అలా చవక బండిని పిలిచి, సరుకు తడిశాక పాతవాడికి ఫోను చేసుకున్నాను. డీజిలు సంగతి నీకు చెప్పక్కర్లేదు, ఆంధ్రా కంటే మీ వైపే తక్కువ, రాయగడలోనే ట్యాంకు నింపుకుని దిగు.

డబ్బు ఆపేసే పార్టీల గురించి చెప్పాలంటే మా మిల్లు సంగతే చెప్పాలి. ఒకాయన బ్యాలెన్సు మేం 70 రోజులు ఆపాం. ప్రతి సోమవారం వచ్చి నా బల్ల ముందు నిలబడేవాడు. "ఓనరు గారు ఊళ్లో లేరు" అని చెప్పమని లోపల్నుంచి కబురొచ్చేది. లోపల టీ గ్లాసు చప్పుడు ఆయనకీ వినబడేది, నాకూ వినబడేది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం కాదు. ఇప్పటి రోజులైతే ఆయనకి ఒక దారి చెప్పుండేవాణ్ని. చిన్న సంస్థలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషను చేయించుకో, రూపాయి ఖర్చు లేదు, లారీ రవాణా సేవ కిందికి వస్తుంది. ఆ నంబరు నీ బిల్లు మీద పైనే కనబడేలా రాయి. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం చిన్న సంస్థకి 45 రోజుల్లోపు కట్టాలి, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. 2023 బడ్జెట్టులో తెచ్చిన మార్పుతో, గడువులో కట్టని బాకీని పార్టీ ఆ ఏడాది ఖర్చు కింద చూపించుకోలేడు. మార్చి వచ్చేసరికి వాళ్ల ఆడిటరే "ఈ లారీ బిల్లు తేల్చెయ్యండి" అంటాడు. నువ్వు గొంతు పెంచే పని ఉండదు. ఫిర్యాదు చేసుకోవడానికి కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ పోర్టల్ ఉంది గానీ, అక్కడికి వెళ్లావంటే ఆ పార్టీతో తెగిపోయినట్టే, పెద్ద మొత్తానికి అయితేనే ఆలోచించు. కొత్త పార్టీకి మొదటి మూడు లోడ్లకి మించి బాకీ ఉంచొద్దు.

బ్రోకరుని మాత్రం తిట్టుకోవద్దు, తెంచుకోవద్దు. ఇద్దరినైనా ఉంచుకో. నీ ఆరుగురు పార్టీలకీ సరుకు లేని రోజుల్లో నీకు అన్నం పెట్టేది అతనే. అతను చూపించిన పార్టీ దగ్గరికి వెనకనించి వెళ్లి "కమీషను లేకుండా నేనే తోలతాను" అనొద్దు. నా దగ్గరికి అలా వచ్చినవాళ్లున్నారు. రేపు నా సంగతి కూడా ఇలాగే ఇంకెవరి దగ్గరో చెబుతాడు కదా అనిపించేది. పార్టీయే నిన్ను పిలిస్తే బ్రోకరుకి చెప్పి వెళ్లు, ఒకటి రెండు లోడ్లకి కమీషను ఇచ్చి వెళ్లు.

ఒక్క పార్టీయే నెలంతా బండి ఆడిస్తానంటే సంతోషపడు, కానీ సగానికి మించి ఇవ్వొద్దు. మిల్లు అమ్ముడుపోవచ్చు, గుమస్తా మారొచ్చు. నేను మానేసిన నెలకే మా వాడుక బళ్లలో నాలుగింటికి పిలుపులు ఆగిపోయాయి, కొత్తాయన తమ్ముడికి రెండు లారీలున్నాయట.

మామగారి మాట కొట్టిపారెయ్యకు. ఆయన నీ గురించి కాదు, కూతురి గురించి ఆలోచిస్తున్నాడు. దీపావళి దాకా గడువు అడుగు. ఈలోగా ప్రతి ట్రిప్పుకీ ఒక పేజీ రాయి: వెళ్లేటప్పుడు ఎంత, వచ్చేటప్పుడు ఎంత, ఖాళీగా పడున్న రోజులెన్ని. నీ నోటుబుక్కులో ఖాళీ రోజుల కాలమ్ నెల నెలా తగ్గుతుంటే ఆ పుస్తకమే ఆయన చేతిలో పెట్టు. తగ్గకపోతే ఆ పుస్తకం నాకు పంపు, ఏ లైనులో పోతోందో కూర్చుని చూద్దాం.

ఈ వారం విశాఖలో దించాక, రసీదు మీద సంతకం చేసే ఆయన పేరు అడిగి రాసుకో. బయల్దేరే ముందు సుత్తి సీటు కిందుందో లేదో చూసుకో.